మూడు రంగుల లెక్క: ఫోటోలో రంగులు విడదీసి చూడడానికీ, మన నేతకూ ఉన్న పాత చుట్టరికం

మన సమాఖ్య వార్షికోత్సవ సంచిక ఈసారి కాగితం మీద కాకుండా ఫోన్లలో, కంప్యూటర్లలో చదువుకునేలా వస్తున్నది. అందుకే మేము కూడా ఈసారి సంఘం లెక్కలు, నూలు ధరలు, రిబేటు బాకీలు పక్కన పెట్టి, ఈ తెర మీద కనపడే రంగుల కథ రాద్దామని కూర్చున్నాం. మేము చదివింది ఎనిమిదో తరగతి వరకే. కానీ రంగు సంగతి మగ్గం గుంటలో కూర్చున్న ప్రతి మనిషికీ ఎంతో కొంత తెలిసిందే గదా. తెలిసిన దాని దగ్గర మొదలుపెట్టి, తెలియనిదాని వైపు నడుద్దాం.

ఛానల్ అంటే ఏమిటి

మీరు చూస్తున్న ఈ తెర మీద భూతద్దం పెట్టి చూడండి. అందులో పసుపు లేదు, వంకాయ రంగు లేదు, కనకాంబరం లేదు. ఉన్నవి మూడే చుక్కలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఈ మూడింటి వెలుగు హెచ్చుతగ్గులతోనే మిగతా రంగులన్నీ మన కంటికి పుడుతున్నయి. మామూలు ఫోటోలో ఒక్కో రంగుకు 0 నుండి 255 దాకా మెట్లు ఉంటయి. మూడింటినీ కలిపి లెక్కిస్తే 1,67,77,216 రంగులు అవుతయి. మూడు రకాల నూలుతో ఇన్ని రంగులు నేసినట్టు అనుకోండి.

ఫోటోను దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఈ మూడింటినీ విడివిడిగా చూడవచ్చు. ఒక్కోదాన్ని ఛానల్ అంటారు. ఎరుపు ఛానల్ ఒక్కటే తెరిస్తే కనపడేది నలుపు తెలుపు బొమ్మ. ఎరుపు వెలుగు ఎక్కువున్న చోట తెల్లగా, లేని చోట నల్లగా ఉంటుంది. పచ్చ, నీలం ఛానళ్ళు కూడా అంతే. పసుపు పచ్చని చీర ఫోటో తీసి విడదీస్తే, ఎరుపు ఛానల్‌లోనూ ఆకుపచ్చ ఛానల్‌లోనూ ఆ చీర తెల్లగా వస్తుంది, నీలం ఛానల్‌లో మాత్రం నల్లగా వస్తుంది. మనవాళ్ళకు ఇది మొదట వింతగా ఉంటుంది. రంగు తొట్టి దగ్గర పసుపే మూల రంగు, ఎరుపూ ఆకుపచ్చా కలిపితే బురద రంగు వస్తుంది, మరి తెర మీద పసుపెట్ల వచ్చింది అంటారు. దీనికి కారణం ఒక్కటే. తొట్టిలో రంగు వెలుగును తినేస్తుంది, కాబట్టి కలిపిన కొద్దీ నల్లబడుతుంది. తెర మీద వెలుగుకు వెలుగు తోడవుతుంది, కాబట్టి కలిపిన కొద్దీ తెల్లబడుతుంది.

మొదట మగ్గం మీద ప్రయత్నించినాయన

ఈ తేడాను 300 ఏళ్ళ కిందటే చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు జాకబ్ క్రిస్టఫ్ లె బ్లోన్. 1667లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, తర్వాత లండన్‌లో స్థిరపడ్డాడు. ఒక రంగుల చిత్రాన్ని చూసి, దాన్ని కంటితోనే ఎరుపు, పసుపు, నీలంగా విడదీసి, ఒక్కో రంగుకు ఒక్కో రాగి రేకు చెక్కి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేసేవాడు. నలుపు కోసం నాలుగో రేకు కూడా వాడాడు. ఈనాడు శివకాశిలో క్యాలెండర్లు అచ్చయ్యే పద్ధతికి వేరు ఇక్కడ ఉన్నది. 1725లో రాసిన తన పుస్తకంలో ఆయన కంటికి అంటే వెలుగు రంగులు వేరు, చేతికి అంటే రంగులు వేరు అని స్పష్టంగా చెప్పాడు.

మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉన్నది. లె బ్లోన్ అచ్చుతో ఆగలేదు. ఇదే లెక్కతో కొద్దిపాటి మూల రంగుల దారాలు పెట్టుకుని, బొమ్మల గోడతెరలు నేయాలని చూశాడు. పక్కపక్కనే ఉన్న సన్నని దారాలు దూరం నుండి చూస్తే కలిసిపోయి మూడో రంగుగా కనపడతయి అన్నదే దాని సూత్రం. 1731లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆయన అచ్చు పద్ధతి, నేత పద్ధతి రెండింటి మీదా వ్యాసం వచ్చింది. వ్యాపారం మాత్రం నిలవలేదు. ఆయన పారిస్ పోయి 1741లో కన్నుమూశాడు. పని తెలిసీ పెట్టుబడి దగ్గర ఓడిపోయిన మనిషి కథ మనోళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు.

నెమలికంఠం చీర నేసేవాళ్ళు ఈ సూత్రాన్ని ఏ పుస్తకమూ చదవకుండానే వాడుతున్నారు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెడితే, మడత తిరిగిన చోటల్లా రంగు మారుతుంది. బట్టలో మూడో రంగు దారం ఒక్క పోగు కూడా ఉండదు.

పక్క రంగు చేసే మోసం

ఫ్రాన్స్‌లో గోబెలాఁ అనే గొప్ప నేతశాల ఉండేది. 1824లో దాని రంగుల శాఖకు మిషెల్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా వచ్చాడు. అక్కడి నేతగాళ్ళు ఒక ఫిర్యాదు పెట్టారు. మీ అద్దకం నలుపు బాగాలేదు, నీలం పక్కన, ఊదా పక్కన పెడితే వెలిసినట్టు కనపడుతున్నది అన్నారు. షెవ్రల్ ఆ నల్ల ఉన్నిని వేరే చోట్ల అద్దిన ఉన్నితో పోల్చి చూశాడు. అద్దకంలో లోపం లేదు. పక్కనున్న రంగే కంటిని మోసం చేస్తున్నదని కనిపెట్టి, 1839లో పెద్ద పుస్తకం రాశాడు. ఒక నేతశాల గొడవ నుండి పుట్టిన ఆ పుస్తకాన్ని తర్వాత ఎందరో చిత్రకారులు చదువుకున్నారు.

ఛానళ్ళు విడదీసి చూడడంలో ఉన్న లాభం ఇక్కడ అర్థమవుతుంది. రంగులన్నీ కలిసి ఉన్నప్పుడు కన్ను మోసపోతుంది. ఒక్కో ఛానల్ విడిగా పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో ఆ చోటి అంకె చదివితే, పక్క రంగుకు అక్కడ పలుకుబడి లేదు.

అదే కాలంలో ఫ్రాన్స్‌లోనే లియోఁ పట్టణంలో జాకార్డు 1804 ప్రాంతంలో తన అట్టల మగ్గం తయారుచేశాడు. ఆ మగ్గం మీద రెండు మూడు రంగుల పేకతో పువ్వు నేయాలంటే ఏం చేస్తాం? గ్రాఫు కాగితం మీద బొమ్మ మొత్తం గీసి, ఎర్ర పేక పడే గళ్ళకు ఒక అట్ట, పచ్చ పేక పడే గళ్ళకు ఒక అట్ట కొడతాం. ఎర్ర పేక అట్టలు మాత్రమే వరుసగా పేర్చి చూస్తే ఎరుపు ఛానల్ మన చేతిలో ఉన్నట్టే. పుట్టపాక, కొయ్యలగూడెం వైపు చిటికి పని చేసేవాళ్ళయితే నూలునే రంగు రంగుకూ కట్టి అద్దుతారు. కట్టిన చోటికి రంగు అంటదు. విడదీయడం, మళ్ళీ కలపడం, ఇదే మన పని మొత్తం.

రిబ్బను గుడ్డ మీద తీసిన మొదటి రంగుల ఫోటో

ఇప్పుడు అసలు కథకు వద్దాం. జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ స్కాట్లాండు దేశపు శాస్త్రవేత్త. 1831లో ఎడిన్‌బరోలో పుట్టాడు. మనిషి కన్ను మూడు రకాల వెలుగులతోనే అన్ని రంగులనూ పోలుస్తుందని నమ్మినవాడు. దాన్ని రుజువు చేయడానికి 1861 మే 17న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక ప్రదర్శన చేశాడు. దానికి ఆయన ఎంచుకున్న వస్తువు పువ్వు కాదు, పండు కాదు. గళ్ళ రిబ్బను. వాళ్ళ స్కాట్లాండులో టార్టన్ అంటారు, పడుగులోనూ పేకలోనూ ఒకే వరుసలో రంగులు వేసి నేసే గళ్ళ గుడ్డ.

థామస్ సట్టన్ అనే ఫోటోగ్రాఫర్ ఆ రిబ్బనును ఎర్ర ద్రావణం గుండా ఒకసారి, ఆకుపచ్చ ద్రావణం గుండా ఒకసారి, నీలం ద్రావణం గుండా ఒకసారి నలుపు తెలుపులోనే ఫోటో తీశాడు. ఆ మూడు గాజు పలకలను మూడు లాంతర్లలో పెట్టి, మళ్ళీ అవే రంగుల గుండా గోడ మీద ఒకదాని మీద ఒకటి పడేటట్టు వేస్తే, రిబ్బను రంగుల్లో కనపడింది. ఈనాటి సాఫ్ట్‌వేర్‌లో మూడు ఛానళ్ళంటే ఆ మూడు గాజు పలకలే.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆ రోజుల్లో ఫోటో పలకల మీది మందుకు ఎరుపు వెలుగు అసలు పడదు. మరి ఎర్ర ద్రావణం గుండా తీసిన పలక మీద బొమ్మ ఎట్ల వచ్చింది? నూరేళ్ళు గడిచిన తర్వాత, 1961లో కోడాక్ సంస్థ శాస్త్రవేత్త రాల్ఫ్ ఎవాన్స్ ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసి జవాబు చెప్పాడు. రిబ్బనుకు అద్దిన ఎర్ర రంగు, ఎరుపుతో పాటు కంటికి కనపడని అతినీల కిరణాలను కూడా వెనక్కి కొడుతున్నది. ఎర్ర ద్రావణం ఆ కిరణాలను పోనిచ్చింది, పలక వాటిని పట్టుకున్నది. అంటే మాక్స్‌వెల్ ప్రదర్శన నిలబడడంలో ఆ గుడ్డకు రంగు అద్దిన పనివాడికి కూడా వాటా ఉన్నది. అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఈ కథలో మనకు ఒక పాఠం ఉన్నది. కెమెరా చూసేది వేరు, కన్ను చూసేది వేరు. దుకాణంలో ట్యూబులైటు కింద ఒకటే అనిపించిన రెండు ఎర్ర చిలపలు ఎండలోకి తెస్తే వేరుగా కనపడటం మనలో ఎవరు చూడలేదు? రంగు బట్టలో సగమే ఉంటుంది, మిగతా సగం దాని మీద పడే వెలుగులో, చూసే కన్నులో ఉంటుంది.

రష్యా నుండి మళవలి దాకా

మాక్స్‌వెల్ దారిలోనే రష్యాలో ప్రొకూదిన్ గోర్‌స్కీ అనే ఆయన 1909 నుండి 1915 దాకా చక్రవర్తి అండతో దేశమంతా తిరిగి ఫోటోలు తీశాడు. ఒకే పొడుగాటి గాజు పలక మీద నీలం, ఆకుపచ్చ, ఎరుపు వడపోతలతో వరుసగా మూడు బొమ్మలు తీసేవాడు. సమర్కంద్‌లో బట్టల వ్యాపారి ఒకాయన తన అంగడిలో చారల బట్టల మధ్య కూర్చున్న ఫోటో అందులో ఉన్నది. ఆ పలకలు సుమారు 1,900 దాకా 1948లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొన్నది. 2000 తర్వాత వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, మూడు బొమ్మలనూ మూడు ఛానళ్ళలో పెట్టి కలిపితే, నూరేళ్ళ నాటి రంగులు నిన్న తీసినట్టు లేచి వచ్చినయి. పారే నీళ్ళు, కదిలిన మనుషులు ఉన్న చోట మాత్రం ఎరుపు పచ్చ అంచులు విడిపోయి కనపడతయి. పడుగు జారిన మగ్గం మీద గళ్ళు కలవనట్టే అది.

మన దేశంలో రాజా రవివర్మ 1894లో ముంబైలో ప్రెస్సు పెట్టాడు. తర్వాత అది లోనావాలా దగ్గరి మళవలికి మారింది. మా షోలాపూర్ నుండి పుణె మీదుగా ముంబై పోయే రైలు ఆ ఊరి మీదుగానే పోతుంది. అక్కడ రాళ్ళ మీద అచ్చు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఒక లక్ష్మీదేవి పటానికి మూడు నాలుగు కాదు, ఇంకా ఎన్నో రాళ్ళు పట్టేవి. పటంలో అమ్మవారు కట్టిన చీర రంగులను విడదీసి ఏ రాయి మీద ఎంత గీయాలో నిర్ణయించింది అప్పటి పనివాళ్ళ కన్నే. ఈనాడు ఆ పని బటను నొక్కితే అయిపోతున్నది.

చేతిలోకి వచ్చిన ఛానళ్ళు

మన ఫోన్ కెమెరాల్లో రంగు ఎట్ల వస్తుందో కూడా చెప్పుకోవాలి. కోడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో ఒక పేటెంటు వచ్చింది. కెమెరా లోపలి పలకను గళ్ళు గళ్ళుగా చేసి, ప్రతి నాలుగు గళ్ళలో రెండింటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం వడపోత పెట్టాడు. ఒక్కో గడి ఒక్క రంగునే చూస్తుంది, మిగతా రెండు రంగులు పక్క గళ్ళను చూసి లెక్కగడుతుంది. మన కన్ను సన్నని వివరాన్ని ఆకుపచ్చ వెలుగులో బాగా పట్టుకుంటుంది కాబట్టి దానికి రెండు గళ్ళు. అందుకే మామూలు ఫోటోలో ఆకుపచ్చ ఛానల్ తేటగా, నీలం ఛానల్ ఎక్కువ గరుకుగా ఉంటుంది.

అమెరికాలో మిషిగన్‌లో చదువుకుంటున్న థామస్ నోల్ 1987లో నలుపు తెలుపు బొమ్మలు తెర మీద చూపించే చిన్న ప్రోగ్రాం రాశాడు. ఆయన తమ్ముడు జాన్ నోల్ సినిమాల బొమ్మల పనిలో ఉండేవాడు. ఇద్దరూ కలిసి పెంచిన ఆ ప్రోగ్రామే 1990 ఫిబ్రవరిలో అడోబీ సంస్థ ద్వారా ఫోటోషాప్‌గా బయటికి వచ్చింది. 1996లో బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ గింప్ అనే సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఫోటోషాప్‌లో విండో మెనూలో ఛానల్స్ అని ఉంటుంది. గింప్‌లో కలర్స్, కాంపొనెంట్స్, డీకంపోజ్ అని వరుసగా నొక్కితే మూడు బొమ్మలు విడివిడిగా వస్తయి. సంఘాల్లో పైసలు లేవనే మాట దీనికి వర్తించదు.

మన సంఘాలకు దీంతో ఏం పని

ఏం పని అనే వాళ్ళ కోసం మా సంఘంలో జరిగింది చెప్తాం. ఒక వ్యాపారి తన ఫోటోగ్రాఫరుతోనే మా ఎర్ర చీరల ఫోటోలు తీయించి అమ్మకానికి పెట్టాడు. ఎరుపు మీద ముదురు ఎరుపు సన్న గళ్ళ నేత అది. కొన్నాళ్ళకు లాటు మొత్తం వెనక్కి పంపాడు. ఫోటోలో ఉన్నది సాదా ఎరుపు, మీరు పంపింది గళ్ళ చీర, ఇది వేరే సరుకు అన్నాడు. నేసినవాళ్ళ కూలి ఆగిపోయింది. పండుగ ముందర ఒక్కో ఇంట్లో దానికోసం ఎట్ల ఎదురుచూస్తారో మీకు తెలుసు. మా దగ్గర డిజైన్లు గీసే పోరగాడు అదే ఫోటోను ఛానళ్ళుగా విడదీశాడు. ఎరుపు ఛానల్‌లో చీరంతా 255 దగ్గర గుద్దుకుని తెల్ల కాగితంలా ఉన్నది. ఎక్కువ వెలుగు పడి ఎరుపు నిండిపోతే అందులో ఇక వివరం మిగలదు. ఆకుపచ్చ ఛానల్ తెరిచి కొంచెం వెలుగు పెంచగానే ప్రతి గడీ పోగు లెక్కబెట్టేంత స్పష్టంగా కనపడింది. ఆ వ్యాపారి సొంత ఫోటోలోనే మన చీర ఉన్నది. అది చూపించిన తర్వాత మాట మారింది, లాటు మళ్ళీ పోయింది, కూలి వచ్చింది.

రెండోది ఇంకా పెద్ద సంగతి. బళ్ళారిలో, సేలంలో, బరంపురంలో, యానాంలో, మా షోలాపూర్‌లో, మనోళ్ళు ఎక్కడికి పోయినా ట్రంకు పెట్టెల్లో పాత కొంగు ముక్కలు, గ్రాఫు కాగితాలు మోసుకుపోయారు. అవి ఇప్పుడు పసుపెక్కి, మరకలు పట్టి, మడతల దగ్గర చిరిగి ఉన్నయి. వాటిని ఫోటో తీసి విడదీస్తే చాలా పని జరుగుతుంది. కాగితం మీద పసుపు గోధుమ రంగు మరకలు ఎరుపు ఛానల్‌లో తేలిపోయి, నల్ల సిరా గీత నిలుస్తుంది. తెల్ల గుడ్డ మీద వెలిసిపోయిన పసుపు బుటా కంటికి ఆనకపోయినా నీలం ఛానల్‌లో నల్లగా లేచి వస్తుంది. ఎర్ర గళ్ళ గ్రాఫు మీద నల్లగా వేసిన డిజైన్ అయితే ఎరుపు ఛానల్‌లో గళ్ళు మాయమై డిజైన్ ఒక్కటే మిగులుతుంది. ఎర్ర రంగుతో వేసిన డిజైన్ అయితే ఎరుపు ఛానల్‌లో కనపడదు, ఆకుపచ్చ ఛానల్‌లో చూడాలి. గుడ్డ మీద బొత్తిగా మిగలని రంగును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అందుకే ఉన్నప్పుడే తీయాలి.

తీసేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి. నీడలో పగటి వెలుగులో తీయండి, ఎదురెండ వద్దు. ముక్క పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి, రంగు సరిచూసుకోవడానికి అదే తూకపు రాయి. జరీ ఉంటే వెలుగు పక్క నుండి పడేటట్టు చూడండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపొద్దు, డాక్యుమెంటుగా పంపండి. 1992 నుండి వాడుకలో ఉన్న జేపెగ్ పద్ధతి ఫైలు చిన్నది చేయడానికి వెలుగు వివరాన్ని ఉంచి రంగు వివరాన్ని తగ్గిస్తుంది. మళ్ళీ మళ్ళీ కుదిస్తే పోగుకూ పోగుకూ మధ్య రంగు పూసుకుపోతుంది, ఛానళ్ళు విడదీసినా చెత్తే మిగులుతుంది.

చివరి మాట. ఆ ఫోటో కింద ఆ డిజైన్‌ను మీ ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళో తెలుగులో రాయండి. మన పిల్లలు ఇక్కడ మరాఠీలో, అక్కడ కన్నడంలో, తమిళంలో, ఒడియాలో చదువుతున్నారు. ఉల్లిపొర రంగు, చిలకపచ్చ, నెమలికంఠం అనే మాటలు అమ్మమ్మల నోట్లోనే ఉన్నయి. కంప్యూటర్ ఒక రంగుకు మూడు అంకెలు ఇస్తుంది, పేరు పెట్టడం దానికి రాదు. పెద్దవాళ్ళు కూర్చున్నప్పుడే పక్కన కూర్చుని, పెట్టె తెరిచి, ముక్క ముక్కకూ పేరు అడిగి రాసుకోండి. ప్రతి సంఘం వచ్చే ఏడాది సంచిక నాటికి పది ముక్కలయినా ఇట్ల తీసి సమాఖ్యకు పంపితే, అయిదు చోట్ల విడిపోయిన మన నేత మళ్ళీ ఒక్క చోట కనపడుతుంది.